బండి నిలబడినా పాడవుతుంది

మాది కడప వైపు ఒక పల్లె. మా ఊరి నుంచి కువైట్ పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరోజు రాత్రి చదువు కేంద్రం అయిపోయింది. అందరూ పుస్తకాలు సర్దుకుని ఇళ్ళకు పోయారు. ఒక అత్త మాత్రం కదలకుండా కూర్చుంది.

"ఏమత్తా, ఇంటికి పోలేదా?" అని అడిగాను.

"టీచరమ్మా, మావోడు కువైట్ పోతాండాడు. రెండేండ్లు రాడు. కారు ఇంటికాడ పెట్టి పోతాండాడు" అంది.

ఆ కారు సంగతి నాకు తెలుసు. అది డీజిల్ కారు. ఆమె కొడుకు దాన్ని అద్దెకు తిప్పేవాడు. అప్పు చేసి కొన్నాడు. కంతులు కట్టడానికి అత్త గేదెను కూడా అమ్మింది. కిందటి ఏడే అప్పు తీరింది. కువైట్ నుంచి వచ్చాక మళ్ళీ ఆ కారుతోనే బతకాలని వాళ్ళ ఆలోచన.

"అమ్మేస్తే సగం రేటు కూడా రాదంట. 'మ్మా, నువ్వే చూసుకో' అని చెప్పినాడు. నాకు బండి నడపను రాదు. నేనేం చేయాల?" అంది.

"నీకు నడపడం రాకపోతే ఏమత్తా? చదవడం, రాయడం వచ్చు కదా. కారును కాపాడడానికి సగం పని దానితోనే అవుతుంది" అన్నాను.

మరుసటి ఆదివారం ఊళ్ళో మెకానిక్ అన్నను పిలుచుకుని ఆమె ఇంటికి పోయాను. ఆరోజు మేము చూసినవీ, చేసినవీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కారు ఉన్నా, జీపు ఉన్నా, ఆటో ఉన్నా ఈ మాటలు చాలావరకు పనికివస్తాయి.

నిలబడితే ఎందుకు పాడవుతుంది?

"తిరిగితే కదా అరిగేది, నిలబడితే ఏమవుతుంది?" అని చాలామంది అనుకుంటారు. మా చిన్నాన్న కూడా అట్లే అనుకున్నాడు.

2020లో కరోనా వచ్చింది, గుర్తుందా? ఆ ఏడు మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. మా చిన్నాన్న తన కారును వేపచెట్టు కింద నిలబెట్టాడు. పది రోజులే కదా అనుకున్నాడు. పది రోజులు కాస్తా నాలుగు నెలలైంది. తర్వాత తాళం తిప్పితే టక్కుమని కూడా అనలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే ఎలుక గూడు కట్టింది. తీగలు కొరికేసింది. తోసి చూస్తే వెనక చక్రాలు కదలలేదు. బ్రేకులు పట్టేశాయి. బండి ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. కానీ వేల రూపాయలు ఖర్చు తెచ్చింది.

మన నాగలి కర్రు సంగతి చూడండి. రోజూ దున్నుతుంటే తళతళ మెరుస్తుంది. వసారాలో పారేస్తే తుప్పు పడుతుంది. కారు కూడా అంతే.

నిలబెట్టిన కారుకు అయిదుగురు శత్రువులు ఉన్నారు. ఒకటి తేమ. రెండు ఎండ. మూడు దుమ్ము. నాలుగు ఎలుక. అయిదోది మన మరుపు. మొదటి నాలుగూ బయట ఉంటాయి. అయిదోది మనలోనే ఉంటుంది. పెద్ద శత్రువు అదే.

ఎక్కడ నిలబెట్టాలి?

నీడ ఉండాలి. గాలి ఆడాలి. నేల చదునుగా, పొడిగా ఉండాలి. ఈ మూడూ ఉన్న చోటు చూడండి.

బండ పరిచిన నేలైనా, సిమెంటు నేలైనా మంచిది. పచ్చి మన్ను మీద, గడ్డి మీద పెడితే కింద నుంచి తేమ ఎక్కుతుంది. కారు అడుగుభాగం తుప్పు పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలో ఉప్పు ఉంటుంది. అక్కడ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

చెట్టు నీడ చల్లగా ఉంటుంది. కానీ చెట్టు మీద పిట్టలు ఉంటాయి. పిట్టల రెట్ట రంగును తినేస్తుంది. కొన్ని చెట్ల నుంచి జిగురు కారుతుంది. గాలివానకు కొమ్మ విరిగి పడవచ్చు. అందుకని రేకుల షెడ్డే మేలు.

గడ్డివాము పక్కన పెట్టకండి. అక్కడ ఎలుకలు ఉంటాయి. నిప్పు అంటుకుంటే కారు కూడా పోతుంది. వాగు పక్కన, వాననీళ్ళు నిలిచే పల్లంలో అసలే పెట్టకండి.

కారుకు కప్పు వేయాలి. కానీ ప్లాస్టిక్ పట్ట కప్పకండి. దాని లోపల ఉక్క పోస్తుంది. తేమ బయటికి పోదు. గాలి ఆడే గుడ్డ కవరు వేయాలి. కవరు వేసేముందు కారు మీద దుమ్ము లేకుండా చూడాలి. దుమ్ము ఉంటే గాలికి కవరు కదిలినప్పుడల్లా రంగు మీద గీతలు పడతాయి.

ముందు కడగాలి, తర్వాత ఆరబెట్టాలి

పైన కడిగితే చాలదు. చక్రాల లోపలి వైపు, కింది భాగం కూడా కడగాలి. అక్కడ అంటుకున్న బురద తేమను పట్టి ఉంచుతుంది. బురద ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది.

కడిగిన వెంటనే నిలబెట్టకూడదు. ఒకసారి అట్లా తిప్పుకుని రావాలి. అప్పుడు బ్రేకుల్లో ఉన్న నీళ్ళు ఆరిపోతాయి. తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. రంగు మీద మైనం పాలిష్ పూస్తే ఇంకా మంచిది.

కారు లోపల కూడా ఊడ్చాలి. బిస్కెట్ ముక్కలు, వేరుశనగ పొట్టు, పాత కాగితాలు ఏవీ ఉండకూడదు. మనకు అది చెత్త. ఎలుకకు, చీమకు అది విందు. అత్త వాళ్ళ కారు సీటు కింద మాకు ఒక మురుకుల పొట్లం దొరికింది!

కింద పరిచిన పట్టలు ఎత్తి, ఎండలో ఆరబెట్టాలి. వైపర్ల కింద చిన్న గుడ్డముక్క పెట్టాలి. లేకుంటే ఎండకు రబ్బరు అద్దానికి అంటుకుపోతుంది. పదిహేను రోజులకోసారి పొడి ఎండ ఉన్నప్పుడు తలుపులు తెరిచి ఒక గంట గాలి తగలనివ్వాలి. లేకుంటే సీట్లకు బూజు పడుతుంది. ఆ గంటసేపు మీరు కారు దగ్గరే ఉండాలి.

ఆయిల్, కూలెంట్, డీజిల్

ఇంజన్‌లో వాడిన ఆయిల్ నల్లగా ఉంటుంది. అందులో మసి ఉంటుంది. తేమ ఉంటుంది. ఆమ్లాలు కూడా చేరతాయి. అవి నెలల తరబడి లోపల ఉంటే ఇనుమును తింటాయి. అందుకే నిలబెట్టే ముందు ఆయిల్ మార్పించాలి. "తిరిగి వచ్చాక మార్చుకుందాంలే" అనకూడదు.

రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోస్తే లోపల తుప్పు పడుతుంది. కూలెంట్ పోయించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అది పోయించి రెండేండ్లు దాటి ఉంటే మార్పించడం మంచిది.

డీజిల్ కారు అయితే ట్యాంకు నిండా డీజిల్ పోయించాలి. ఎందుకంటారా? ట్యాంకు సగం ఖాళీగా ఉంటే అందులో గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చలికి ఆ తేమ నీటి బొట్లుగా మారుతుంది. చల్లని చెంబుకు బయట చెమట పట్టినట్లే ట్యాంకు లోపల చెమట పడుతుంది. ఆ నీళ్ళు డీజిల్ అడుగున చేరతాయి. నీళ్ళు, డీజిల్ కలిసేచోట కంటికి కనబడని క్రిములు పెరుగుతాయి. నాచులాంటి జిగట తయారై ఫిల్టర్‌ను మూసేస్తుంది.

పెట్రోలు సంగతి వేరు. పెట్రోలు ఎక్కువ కాలం నిలవ ఉండదు. కొన్ని నెలలకే దాని బలం తగ్గుతుంది. జిగురులా మారి సన్న దారులను మూసేస్తుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌ను చెరకు నుంచి, మొక్కజొన్న, నూకల నుంచి తీస్తారు. 2025 నాటికి మన దేశంలో నూటికి 20 పాళ్ళ దాకా కలుపుతున్నారు. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. కాబట్టి పెట్రోలు కారును ఏళ్ళ తరబడి నిలబెట్టకుండా, నెలకోసారి నడిపి, కొంచెం కొంచెం కొత్త పెట్రోలు పోయిస్తూ ఉండడం మంచిది.

ఒక హెచ్చరిక. పెట్రోలును క్యాన్లలో, సీసాల్లో పోసి ఇంట్లో దాచకండి. పెట్రోలు ఆవిరికి ఒక నిప్పురవ్వ చాలు.

బ్యాటరీ

నిలబెట్టిన కారులో అన్నిటికంటే ముందు చచ్చేది బ్యాటరీ. తాళం తీసేసినా కారులో గడియారం నడుస్తుంటుంది. తాళం అలారం మేలుకుని ఉంటుంది. అవి బొట్టు బొట్టుగా కరెంటును తాగుతుంటాయి. అవి లేకపోయినా బ్యాటరీ తనంతట తాను నెమ్మదిగా దిగిపోతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా దిగుతుంది. పూర్తిగా దిగిపోయి చాలాకాలం ఉంటే లోపలి సీసం పలకల మీద తెల్లని పొర గట్టిపడుతుంది. ఇక ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు.

కాబట్టి బ్యాటరీ తీగ విప్పి పెట్టాలి. బ్యాటరీ మీద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి కూడిక గుర్తు. ఇంకొకటి తీసివేత గుర్తు. లెక్కలు నేర్చుకున్నప్పుడు చూశాం కదా, అవే! ముందుగా తీసివేత గుర్తు ఉన్న తీగ విప్పాలి. తిరిగి పెట్టేటప్పుడు ముందు కూడిక గుర్తు తీగ, చివర తీసివేత గుర్తు తీగ బిగించాలి. ఎందుకంటే కారు ఇనుప ఒళ్ళంతా తీసివేత గుర్తు తీగకు కలిసి ఉంటుంది. కూడిక వైపు ముందుగా విప్పేటప్పుడు పానా జారి ఇనుముకు తగిలితే నిప్పులు లేస్తాయి.

ఈ పని చేసేటప్పుడు ఉంగరాలు, లోహపు గాజులు తీసేయండి. తీగ విప్పాక రిమోట్ పనిచేయదు. తాళంచెవితో తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

బ్యాటరీలో గంధకామ్లం ఉంటుంది. ఒంటి మీద పడితే కాలుతుంది. పడితే వెంటనే చాలాసేపు నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి. చార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు పోయకూడదు.

బ్యాటరీలో ఎంత కరెంటు ఉందో మీటరు పెట్టి చూడవచ్చు. మెకానిక్ అన్న మీటరు పెట్టాడు. అంకెలు అత్తే చదివింది. మీరూ చదవండి.

12.6 అంటే నిండుగా ఉంది.
12.4 అంటే ముప్పాతిక ఉంది. చార్జింగ్ పెట్టాలి.
12.0 అంటే దాదాపు ఖాళీ. వెంటనే చార్జింగ్ పెట్టాలి.

తీగ విప్పి పెట్టినా రెండు నెలలకోసారి మీటరు పెట్టి చూడాలి. బ్యాటరీని నేల మీద పెడితే చార్జింగ్ పోతుందని కొందరు అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ భయం లేదు. పిల్లలకు అందకుండా, నిటారుగా పెడితే చాలు.

టైర్లు

కారు బరువంతా నాలుగు టైర్ల మీద ఉంటుంది. కదలకుండా ఉంటే టైరులో ఒకే చోటు నేలకు నొక్కుకుని చదును అవుతుంది. తర్వాత నడిపితే దడదడ కొట్టుకుంటుంది. దానికి తోడు గాలి నెమ్మదిగా దిగుతుంటుంది. గాలి తగ్గే కొద్దీ చదును ఎక్కువ అవుతుంది.

ఏ కారుకు ఎంత గాలి పట్టాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది. నిలబెట్టేటప్పుడు దానికంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ పట్టించవచ్చు. కానీ టైరు మీద అచ్చువేసిన పెద్ద హద్దును దాటకూడదు. మళ్ళీ రోడ్డు ఎక్కేటప్పుడు మామూలు లెక్కకు తగ్గించాలి.

నెలకోసారి కారును ఒకటి రెండు అడుగులు ముందుకో వెనక్కో జరపాలి. అప్పుడు టైరులో వేరేచోటు నేలకు తగులుతుంది. జరిపేటప్పుడు స్టీరింగ్ దగ్గర డ్రైవింగ్ తెలిసిన మనిషి ఉండాలి. ఇంజన్ ఆగి ఉంటే బ్రేకు, స్టీరింగ్ రెండూ చాలా గట్టిగా ఉంటాయి. కాబట్టి ముందు వైపు కొంచెం దూరంలో రాళ్ళు అడ్డం పెట్టి ఉంచాలి. వాలు ఉన్నచోట ఈ పని చేయవద్దు.

కొందరు కారును జాకీ మీద లేపి వదిలేస్తారు. అది ప్రమాదం. జాకీ జారుతుంది. లేపాలంటే మెకానిక్ చేత గట్టి స్టాండ్లు పెట్టించాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.

టైరుకు కూడా వయసు ఉంటుంది. అది టైరు మీదే రాసి ఉంటుంది. టైరు పక్కన అక్షరాలూ అంకెలూ వరుసగా ఉంటాయి. ఆ వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. అత్త వాళ్ళ కారు టైరు మీద 2319 అని ఉంది. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు అంకెలు ఏడు. అంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైంది. అన్ని రోజులుగా ఆ అంకెలు ఆమె కళ్ళముందే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ చూస్తాండా గానీ, చదవలేదే!" అంది అత్త.

హ్యాండుబ్రేకు వేయకండి

బండిని నిలబెట్టగానే హ్యాండుబ్రేకు లాగడం మనకు అలవాటు. ఒక రాత్రికైతే అది మంచిదే. నెలల తరబడి నిలబెట్టేటప్పుడు మాత్రం వేయకూడదు. వేస్తే బ్రేకు పట్టీలు ఇనుముకు తుప్పుతో అతుక్కుంటాయి. మా చిన్నాన్న కారుకు అదే జరిగింది.

మరి బండి దొర్లిపోదా? చదును నేల మీద నిలబెట్టాలి. గేరులో పెట్టాలి. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళో చెక్కలో అడ్డం పెట్టాలి. "హ్యాండుబ్రేకు వేయలేదు" అని ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటించాలి. ఎవరైనా వచ్చి రాళ్ళు తీయబోతే ఆ కాగితం చెబుతుంది.

ఎలుకలు, పాములు

ఎలుక పళ్ళు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. అందుకని అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. కారు తీగలు దానికి బాగా అందుతాయి. గాలి ఫిల్టర్ డబ్బాలో గూడు కడుతుంది.

చుట్టూ చెత్త, ధాన్యం మూటలు, దాణా లేకుండా చూడాలి. సైలెన్సర్ గొట్టానికి, గాలి లోపలికి పోయే దారికి సన్నని ఇనుప జల్లెడ కట్టాలి. అప్పుడు కందిరీగలు, ఎలుకలు దూరవు. వారానికోసారి బానెట్ ఎత్తి చూడాలి. పగటిపూట ఎత్తితే ఎలుక తిరిగిందో లేదో లద్దెలను చూసి తెలుసుకోవచ్చు.

కలరా ఉండలు కారు లోపల పెట్టకండి. ఆ ఘాటు మనుషులకు మంచిది కాదు. ఎలుక మందు పెడితే కోళ్ళు, కుక్కలు, పిల్లలు తినే ప్రమాదం ఉంది. బోను మేలు.

ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. కాబట్టి బానెట్ ఎత్తగానే చెయ్యి పెట్టకండి. కర్రతో తట్టి, టార్చిలైటు వేసి, బాగా చూశాకే చెయ్యి పెట్టండి.

పిల్లలు జాగ్రత్త!

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. నిలబెట్టిన కారు పిల్లలకు ఆటబొమ్మలా కనబడుతుంది. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఒక కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటికి రాలేక, ఊపిరాడక నలుగురూ చనిపోయారు.

ఎండలో మూసిన కారు లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది. పెద్దలే తట్టుకోలేరు. అందుకే తలుపులన్నిటికీ, డిక్కీకీ తాళం వేసి ఉంచాలి. తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టాలి. పిల్లవాడు కనబడకపోతే ముందుగా కారులో వెతకాలి.

వారానికోసారి స్టార్ట్ చేస్తే చాలదా?

"వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజన్ ఆడిస్తే చాలు" అని చాలామంది చెబుతారు. అది మేలు కంటే కీడే చేస్తుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ నుంచి చాలా కరెంటు పోతుంది. అయిదు నిమిషాల్లో అది తిరిగి ఎక్కదు. ఇంజన్ మండేటప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. సగం వేడికే ఆపేస్తే అది ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నీళ్ళై నిలుస్తుంది.

అయితే ఏం చేయాలి? నమ్మకమైన డ్రైవరు ఉంటే నెలకోసారి రోడ్డు మీదికి తీసుకుపోవాలి. పది పదిహేను కిలోమీటర్లు, అరగంట నడపాలి. అందులో పది నిమిషాలు ఏసీ వేయాలి. అప్పుడు ఇంజన్, బ్రేకులు, టైర్లు, ఏసీ అన్నీ కదులుతాయి. తిరిగి వచ్చాక ఇంజన్ చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పాలి. జల్లెడలు తిరిగి కట్టాలి. అత్త వాళ్ళ చెల్లెలి కొడుకుకు లైసెన్సు ఉంది. నెలకోసారి వచ్చి నడుపుతానని ఒప్పుకున్నాడు. ఎవరూ దొరకకపోతే స్టార్ట్ చేయకుండానే వదిలేయండి. బ్యాటరీ, టైర్లు, ఎలుకల సంగతి చూసుకోండి.

మూసిన షెడ్డులో ఇంజన్ ఎప్పుడూ ఆడించకండి. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ముందు తలుపులు తెరిచి, కారును బయటికి తోసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

కాగితాలు కూడా పాడవుతాయి

కారు ఇంట్లో ఉన్నా కాగితాల తేదీలు పరుగెడుతూనే ఉంటాయి.

ఇన్సూరెన్సు లేకుండా రోడ్డు ఎక్కడం నేరం. నెలకోసారి నడపాలంటే అది ఉండి తీరాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి మాత్రమే. మన కారు దొంగతనం జరిగినా, కాలిపోయినా డబ్బు రావాలంటే అందుకు తగిన పాలసీ ఉండాలి. పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే, అంతకుముందు క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు పోతుంది.

పొల్యూషన్ కాగితం తేదీ చూడండి. అద్దెకు తిప్పే బండి అయితే ఫిట్‌నెస్ కాగితం తేదీ కూడా చూడండి. కొన్ని అద్దె బండ్లకు మూడు నెలలకోసారి పన్ను కట్టాలి. అలాంటి బండిని నడపకుండా ఆపదలచుకుంటే, ఆ సంగతి ముందుగానే రవాణా శాఖ ఆఫీసులో రాసి ఇవ్వాలి. ఇచ్చినట్లు రసీదు తీసుకోవాలి. అట్లా రాసి ఇచ్చాక బండిని రోడ్డు మీదికి తీయకూడదు. నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు. రాతే సాక్ష్యం.

మళ్ళీ రోడ్డు ఎక్కేముందు

మొదట కారు కింద చూడండి. నేల మీద మరకలు ఉన్నాయా? నల్లని మరక ఉంటే ఆయిల్ కారింది. పచ్చగానో గులాబీ రంగుగానో ఉంటే కూలెంట్ కారింది.

జల్లెడలు, గుడ్డముక్కలు, రాళ్ళు అన్నీ తీశారా? ఎన్ని పెట్టామో రాసుకుంటే ఎన్ని తీయాలో తెలుస్తుంది. టైర్లలో గాలి చూడండి. ఆయిల్ చూసే పుల్ల తీసి చూడండి. కూలెంట్ మూత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయండి. వేడిగా ఉంటే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. చాలాకాలం నిలబడిన డీజిల్ కారు అయితే ఫిల్టర్‌లో చేరిన నీళ్ళు మెకానిక్ చేత తీయించండి.

స్టార్ట్ చేశాక ఎర్రని ఆయిల్ దీపం ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపండి. మొదట నెమ్మదిగా నడిపి బ్రేకు పట్టి చూడండి. పలుచని తుప్పు వల్ల కొంచెం గరగరమంటుంది. నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. పోకపోతే, బ్రేకు సరిగా పట్టకపోతే బండి ఆపి మెకానిక్‌కు చూపించండి.

అత్త నోటుబుక్కు

ఆ రోజు సాయంత్రం అత్తకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. మొదటి పేజీలో ఆమె ఇట్లా రాసుకుంది.

వారానికోసారి: బానెట్ ఎత్తి ఎలుకలు చూడాలి. తాళాలు చూడాలి.
పదిహేను రోజులకోసారి: తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి.
నెలకోసారి: బండి నడిపించాలి. టైర్లలో గాలి చూడాలి.
రెండు నెలలకోసారి: బ్యాటరీకి మీటరు పెట్టించాలి.
ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఫిట్‌నెస్: మూడు తేదీలు.
జల్లెడలు 2. గుడ్డముక్కలు 2. రాళ్ళు 4.

పని చేసిన రోజు తేదీ వేసి, ఏం చూసిందో ఒక వాక్యం రాస్తుంది. అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి. ఒకచోట "బ్యాటరీ" అని రాయడానికి మూడుసార్లు కొట్టేసింది. అయినా ఏ తేదీ తప్పలేదు.

మొన్న ఆమె కొడుకు కువైట్ నుంచి ఫోన్ చేశాడు. "మ్మా, బండి ఎట్లుంది?" అని అడిగాడు. ఇంతకుముందైతే "బాగానే ఉందిలే నాయనా" అనేది. ఈసారి నోటుబుక్కు తెచ్చుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదివింది. "బ్యాటరీ 12.5. టైర్లు నాలుగూ 33. ఎలుక లేదు. ఇన్సూరెన్సు ఇంకా రెండు నెలలుంది. డబ్బు పంపు" అంది.

అవతల కొడుకు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరు చదివి చెప్తాండారు మ్మా?" అని అడిగాడు.

"ఎవురో ఏందిరా? నేనే!" అంది అత్త.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. నిలబెట్టిన బండికి అయిదుగురు శత్రువులు ఎవరు?
2. బ్యాటరీ తీగల్లో ముందుగా ఏది విప్పాలి? ఎందుకు?
3. మీ ఊళ్ళో ఒక బండి టైరు చూడండి. అది ఏ ఏడు, ఎన్నో వారంలో తయారైందో రాయండి.
4. మీ వీధిలో తాళం వేయని కారు ఉందా? ఆ ఇంటివాళ్ళకు మీరు ఏం చెబుతారు?
5. మీ ఇంట్లో బండి ఉంటే దాని కాగితాల తేదీలు మీ నోటుబుక్కులో రాసుకోండి.